కోశాధికారి వేలంపాట

కోత పండుగ ఆదివారం పొద్దున్నే వసంతకుమార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇవాళ చర్చి బాకీ సంగతి తేల్చేయాలని నిశ్చయించుకున్నాడు. ఆయన కోడుమూరు జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు. రాష్ట్ర ప్రభుత్వాల అప్పుల గురించి మాట్లాడమంటే అన్నం కూడా మరిచిపోతాడు. అందుకే కాబోలు, ఊరి చర్చి సంఘం ఆయన్ని కోశాధికారిని చేసింది. చర్చిలో బేతంచెర్ల బండలు పరిపించి ఏడాదైంది. వాటి తాలూకు ఎనభై వేలు ఇంకా బాకీ ఉంది.

బండల వ్యాపారి హజరత్ వలి సరిగ్గా అప్పుడే ఫోన్ చేశాడు.

"సారూ, సాయంత్రం నాలుగ్గంటలకు లారీ ఏసుకొని వస్తాండా. దుడ్లన్నా ఇయ్యాల, బండలన్నా పెరుక్కొని పోవాల. యాదో ఒకటి."

ఆ మాట వసంతకుమార్ భార్య రెజీనా చెవిన పడింది. చేలో బోరు వేయించాలని ఆమె మూడేళ్ళుగా కూడబెట్టిన ఎనభై రెండు వేలు బీరువాలో ఉన్నాయి.

"ఇదో, ముందే చెప్తాండా. చర్చి బాకీకి నా బోరు దుడ్లు ముట్టుకుంటివా, ఈ ఇంట్లో నీకు సంగటి పుట్టదు."

"ముట్టుకునేదెందుకు రెజీనా? ఏ రాష్ట్రమన్నా అప్పు పూర్తిగా తీర్చింది నువ్వు చూసినావా? పాతది కట్టడానికి కొత్తది తెస్తారు. అప్పు ఎంతని ఎవరూ అడగరు, ఆదాయంలో నూటికి ఎంతని అడుగుతారు. ఆదాయం పెంచి చూపిస్తే సాలు, వలి తానే ఇంకో ఏడాది గడువిస్తాడు."

"వలి శానా చదువుకున్నోడు మరి," అంది రెజీనా.

కోత పండుగ రోజు విశ్వాసులు తమ తొలి పంటనూ, కోళ్ళనూ, గుమ్మడికాయలనూ తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఏటా ఇరవై వేలు వస్తే గొప్ప. అంటే బాకీ ఆదాయానికి నాలుగింతలు. ఏ అర్థశాస్త్రవేత్తకైనా సిగ్గుచేటు. అందుకని ఆరాధన కాగానే వసంతకుమార్ నోటుపుస్తకం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఈసారి నగదు అక్కర్లేదప్పా! పాడినోళ్ళ పేరు రాసుకుంటా. శనగలు అమ్మినాక కట్టండి."

చర్చిలో గాలి మారిపోయింది. గట్టు తగాదాతో ఆరేళ్ళుగా మాటల్లేని ఓబన్న, అయ్యన్న ఒక గుమ్మడికాయ దగ్గర తలపడ్డారు.

"వంద!"

"వెయ్యి!"

"ఏమప్పా, వెయ్యా? పది వేలు!"

చివరికి నలభై ఒక్క వేలకు ఓబన్న గెలిచి, గుమ్మడికాయను చంకలో పెట్టుకుని మీసం తిప్పాడు. అయ్యన్న ఊరుకుంటాడా? పంతం కొద్దీ ఒక గుడ్లు పెట్టని కోడిని ముప్పై ఆరు వేలకు పాడాడు. సొరకాయలు వేలల్లో పోయాయి. ఎప్పుడూ పది రూపాయలు దాటి కానుక వేయని ముసలాయన కూడా కొత్తిమీర కట్టకు నాలుగు వేలు అన్నాడు. వసంతకుమార్ చేతిలో పెన్ను ఆగడం లేదు.

ఆఖరున విశ్వాసమ్మ అర్పించిన పొట్టేలు వచ్చింది. పాట తొమ్మిది వేల దగ్గర చతికిలబడింది. అప్పటికి మొత్తం రెండు లక్షల నలభై వేలు. ఇంకో ఎనభై వేలు కలిస్తే బాకీ సరిగ్గా ఆదాయంలో నాలుగో వంతు అవుతుంది. నూటికి పాతిక! అంత అందమైన లెక్కను చూస్తూ చూస్తూ ఎలా వదులుకుంటాడు?

"ఎనభై వేలు!" అని తానే అరిచాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి రెజీనా గుడ్లురిమి చూసింది. ఆయన గమనించలేదు, నిష్పత్తి చెబుతున్నాడు. సంఘ పెద్దలకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మహా సంతోషం కలిగింది. ఒకరు కర్నూలుకు ఫోన్ చేసి కొత్త మైకు సెట్టు పంపమన్నారు. ఇంకొకరు, ఇంత ఆదాయం వచ్చిన రోజు పస్తులా అన్నారు. వసంతకుమార్ ఉబ్బిపోయి తన పొట్టేలును అక్కడికక్కడే విందుకిచ్చేశాడు. రెండు వందల మంది తిన్నారు.

నాలుగు గంటలకు లారీ వచ్చింది. హజరత్ వలి గునపం పట్టుకుని దిగాడు. వసంతకుమార్ నోటుపుస్తకం చూపించి, రాష్ట్రాల గురించి పావుగంట వివరించాడు. వలి మెట్టు మీద కూర్చుని ఓపిగ్గా విన్నాడు.

"బాగుండాది సారూ. అయితే ఆ పుస్తకం నాకియ్యండి. వసూలు నేనే చేసుకుంటా."

ఆ మాటతో ఓబన్న పరుగున వచ్చి గుమ్మడికాయను వలి కాళ్ళ దగ్గర పెట్టాడు. "అన్నా, నేనేదో నవ్వులాటకు పాడినా. కాయ ఈడనే ఉండాది, వాపసు తీసుకో." వెనకే అయ్యన్న కోడితో వచ్చాడు. ముసలాయన వాడిపోయిన కొత్తిమీర ఇచ్చి చల్లగా జారుకున్నాడు. వలి ఒక్కొక్క పేరే కొట్టేస్తూ చివరి గీత దగ్గర ఆగాడు.

"సారూ, మీ పొట్టేలు యాడ?"

రెండు వందల మంది ఆకాశం వైపు చూశారు. ఒకాయన పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అది... ఐపోయింది వలీ."

"అయితే ఇది వాపసు లేదు," అన్నాడు వలి. "అప్పు ఎంతని కాదు, ఆదాయం చూడాలని మీరే చెప్తిరి గదా. శనగలోళ్ళ ఆదాయం వానదేవునికే ఎరుక. ఈ ఊర్లో ఒకటో తేదీ జీతం వచ్చేది మీకొక్కరికే. మీ ఎనభై, నా ఎనభై. సరిపాయ."

తన సిద్ధాంతంలో తప్పు ఎక్కడుందో వసంతకుమార్‌కే కనబడలేదు. వలి గునపం చేతిలోకి తీసుకున్నాడు. రెజీనా ఇంటికి వెళ్ళి, బీరువా తెరిచి, డబ్బు తెచ్చి వలి చేతిలో పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి వసంతకుమార్ దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క ముక్కన్నా తింటివా?" అని అడిగింది.

"లేదు. వడ్డిస్తా ఉంటి."

ఆ సాయంత్రమే మైకు సెట్టు వద్దని ఫోన్ చేశారు. వాపసు వచ్చిన సరుకును నగదుకు మళ్ళీ వేలం వేస్తే గుమ్మడికాయ అరవై రూపాయలు పలికింది. బోరు డబ్బు తీరేదాకా వసంతకుమార్ జీతం నేరుగా రెజీనా ఖాతాలో పడేలా ఏర్పాటైంది.

మరుసటి ఆదివారం సంఘం ఆయన్నే ఏకగ్రీవంగా మళ్ళీ కోశాధికారిగా ఎన్నుకుంది. పైసా అప్పు మిగల్చని కోశాధికారి ఇంతవరకూ దొరకలేదట.