శంకరమ్మకు తెరపి

మా పక్కింటి భిక్షం చేసిన మోసంలో నాకూ వాటా ఉంది కనుక, దాచకుండా చెప్పడమే మర్యాద.

శామీర్‌పేట చెరువులో ముప్పై ఏళ్లు వల విసిరిన అతని కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది. వారానికోసారి అంకిత అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి ఆక్యుపేషనల్ థెరపీ చేయించేది. మందూ లేదు, సూదీ లేదు. చొక్కా గుండీలు పెట్టించడం, అన్నం కలిపించడం. ఎవరి పని వాళ్లు చేసుకోగలగడమే ఆ వైద్యం. భిక్షం భార్య శంకరమ్మ దాన్ని ‘తెరపి’ అనేది.

“గీ తెరపి ఎవలకే? నాకా, నీకా?” అనేవాడు భిక్షం.

“ముందుగాల ఎల్లిగడ్డ ఒలువు.”

ఆమె తొందర ఆమెది. మేడ్చల్ మార్కెట్లో మూడు నెలలుగా ఆమె చేపల గంప లేదు. వచ్చే సోమవారం కూడా పోకపోతే ఆ చోట తన గంప దింపుతానని పక్కన చేపలమ్మే కమలాబాయి కబురంపింది.

ఒకనాడు నేను వెళ్లేసరికి భిక్షం కుడిచేత్తో వల చిక్కు తీస్తున్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఒళ్లో వాలిపోయింది.

“దండం పెడ్త సార్, మా ఆమెకు చెప్పకుండ్రి.”

దండానికి రెండు చేతులూ సమంగా లేచాయి.

“ఎందుకయ్యా ఈ నాటకం?”

“లగ్గమైననాడు ఒక్క ముద్ద పెట్టింది సార్. మల్ల గిప్పుడే. చెయ్యి మంచిగైందంటే బంద్ జేస్తది.”

నాకు వడ్డించే చెయ్యి పోయి ఆరేళ్లు. శంకరమ్మకు చెప్పనని మాటిచ్చాను.

ఆదివారం అంకితకూ నాకూ వాళ్లింట్లోనే భోజనం. మటన్. శంకరమ్మ గిన్నె అడుగు నుంచి నల్లి బొక్క తీసింది. భిక్షం నోరు తెరిచాడు. అది నా పళ్లెంలో పడింది.

“అదేందే?”

“ముద్దంటే నేను పెడ్త. నల్లి బొక్క ఎవలది వాళ్లే కొట్టుకొని జుర్రుకోవాలె. నీ చెయ్యి లేవదాయె.”

నేను ముట్టుకోబోయానో లేదో, వల పడ్డట్టు భిక్షం కుడిచెయ్యి వచ్చి బొక్కను లాక్కుపోయింది. పళ్లెం అంచుకు టకటకా కొట్టి, మూలుగంతా జుర్రాక గానీ తలెత్తలేదు.

“పట్టు బాగుంది. మణికట్టు తిరుగుతుంది,” అంటూ అంకిత నోట్‌బుక్కులో రాసుకుంది.

“నీకెప్పుడు ఎరుకైందే?” అన్నాడు భిక్షం నీరసంగా.

“మూడు వారాలాయె. నీ లుంగీ ముడి నువ్వే ఏసుకుంటున్నవ్, సోయి లేదా?”

“మరి గిన్నిదినాలు ఎందుకు తినిపిచ్చినవ్?”

శంకరమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. “రేపు పొద్దుగాల మేడ్చల్ పోత. చాయ్ నువ్వే పెట్టు.”

సోమవారం గంప నెత్తికెత్తుకుంటూ అంది: “ఎరుకైందా, తెరపి ఎవలకో?”

ఆమె వెళ్లాక భిక్షం నాకూ ఓ కప్పు తెచ్చాడు, కుడిచేత్తోనే. సగం సాసర్‌లో ఉంది.

“వారమంత చాయ్ మంచిగ పెడ్తే ఆదివారం ముద్ద పెడ్తదట సార్,” అన్నాడు సిగ్గుపడుతూ.

తాగి చూశాను. చక్కెర మరిచాడు. ఈసారి దాచకుండా చెప్పాను.