దస్తగిరమ్మ మూడు మలుపులు

మే నెల రెండో సోమవారం ఏడుమెట్ల మండల కార్యాలయంలో, పై అంతస్తు అర్జీల కిటికీకీ కింద తహసీల్దారు బల్లకీ మధ్య ఒక మంచుకొండ మొలిచింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. మంగళవారానికల్లా సర్క్యులర్ వచ్చింది. అర్జీదారులు చెక్క పలకపై నిలబడి మంచు మీదుగా జారుచూ, ప్రతి సెక్షను వద్దను తిరుగుచూ, తహసీల్దారు వారి బల్లను చేరవలెను. పలకలు స్టోర్ గదిలో అప్పటికే ఉన్నాయి. ఎవరు తెప్పించారో ఎవరికీ గుర్తు లేదు.

దస్తగిరమ్మ బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని అమ్ముతుంది. ఇంటి స్థలం పట్టా కోసం పదకొండేళ్లుగా వస్తోంది. ఉంటున్న అద్దె గది నెలాఖరుకి ఖాళీ చేయాలి. పట్టా రాకపోతే వానలు పడేనాటికి పొయ్యి పెట్టుకునే చోటు కూడా ఉండదు. అందుకే సర్క్యులర్‌లో ‘తిరుగుచూ’ అన్న మాట వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“నాకు తిరగడం నేర్పించేదేంది సుంకన్నా? పదకొండేండ్లుగా తిరుగుతానే ఉండా.”

మలుపులు నేర్పే డ్యూటీ అటెండరు సుంకన్నకి పడింది. ఆయన ఆమె కాళ్లకి పలక బిగించాడు.

“ఆ తిరుగుడు వేరే, ఈ తిరుగుడు వేరే అక్కా.”

ఎడమవైపు సర్వేయరు బల్ల. అక్కడికి మడమల మీద తిరగాలి. కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము వెనక్కి వేయాలి. ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ కూర్చోమనలేదు కాబట్టి దస్తగిరమ్మకి అది పట్టుబడడానికి రెండు రోజులు పట్టింది. కుడివైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ బల్ల. అక్కడికి మోకాళ్లు వంచి, మునివేళ్ల మీద ముందుకి వంగాలి. కిటికీలోకి తొంగిచూసే వాళ్లందరూ నిలబడే తీరే అది. మొదటిసారికే వచ్చేసింది.

మూడోది కోత మలుపు. పలక అంచు మంచులోకి దిగి, కొడవలి పెట్టినట్టు సన్నటి గీత ఒక్కటే పడాలి. పక్కకి జారితే అర్జీ మళ్లీ కిటికీకి పోతుంది. దస్తగిరమ్మ తొమ్మిదిసార్లు జారింది. తొమ్మిదిసార్లూ దారి మధ్యలో ఉన్న డిప్యూటీ తహసీల్దారు ఖాళీ కుర్చీకే గుద్దుకుంది.

“యాడ సూస్తా ఉండావు?” అన్నాడు సుంకన్న.

“సారొచ్చినాడేమోనని, కుర్చీ తట్టు.”

“సూపు యాడుంటే పలక ఆడికే పోతాది. నీకేం కావాల్నో దాని తట్టు సూడు.”

పదోసారి దస్తగిరమ్మ తన ఇంటివైపు చూసింది. అది ఇంకా లేదు. అయినా తూర్పు వాకిలి కనిపించింది, పొయ్యి కనిపించింది, దాని మీద బాణలి కూడా. భుజాలు అటు తిరిగాయి. భుజాల వెంట నడుము, నడుము వెంట పలక. కుర్చీ పక్కనుంచి పోయింది.

మఫ్లరు చుట్టుకున్న తహసీల్దారు కాగితాలు చూడలేదు. మంచు మీద గీత చూసి సంతకం పెట్టాడు.

“గీత బాగుంది,” అన్నాడు.

పదకొండేళ్లలో ఆ ఆఫీసులో ఆమె విన్న మొదటి మంచి మాట అది. పట్టా గుండెలకి హత్తుకుని సంతోషంతో ఏడ్చేసింది.

పునాది తవ్వించిన మర్నాడు ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది, ఈసారి మలుపులు నేర్పడానికి. వరుస పెరిగిపోయి, సుంకన్న ఒక్కడి వల్ల కావడం లేదు. వరుసలో ముందున్న ముసలాయన పేరు సిద్దయ్య. పలక మీద ఒక కాలు పెట్టి కిందికి చూశాడు.

“ఈ కొండ ఈడెందుకుండాదమ్మా? ఎవురినన్నా అడగొచ్చు గదా?”

“అడగొచ్చు పెద్దాయనా. దానికి వేరే అర్జీ ఉండాది,” అంది దస్తగిరమ్మ, ఆయన రెండో కాలికి పట్టీ బిగిస్తూ. “ఆ అర్జీకి ఇంగో కొండ. ముందు ఇది దిగుదాం పా.”

సిద్దయ్య ఆమె చెయ్యి పట్టుకుని, మునివేళ్ల మీద వంగాడు. ఆయనకీ అది మొదటిసారికే వచ్చేసింది.