ఇచ్చిపుచ్చుకోళ్ళ కమిటీ

"ఇకమీదట ఈ దేశంలో మనుషుల మధ్యే కాదు, అంకెల మధ్య కూడా గోడలుండవు!" అని వేణుగోపాలరావుగారు బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీది టీ ఒలికింది. ఆ ఏడాది మా ఆఫీసులో హద్దు దాటింది అదొక్కటే!

తొంభయ్యారో సంవత్సరం. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయి రెండేళ్ళు. డర్బన్ శివారు మొబేనిలో మా చెరకు రవాణా సంఘం కంప్యూటర్లకి రెండు ప్రోగ్రామింగ్ లైబ్రరీలు, అనగా రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటలు, ఉండేవి. లైబ్రరీ అనగానే నిశ్శబ్దం అనుకునేరు! ఒకటి హైదరాబాదు నుంచి వచ్చిన రావుగారిది; ఏ లారీ ఎప్పుడు ఖాళీయో దాని పట్టికలో ఉంటుంది. రెండోది డర్బన్‌లోనే పుట్టిపెరిగిన సగ్రెన్‌ది; ఏ పొలంలో ఎంత చెరకుందో దాని పట్టికలో ఉంటుంది. ఈ పట్టికలకే అర్రేలని పేరు. ఒకదాని అర్రే చూసి రెండోది అరెరే అనడమే తప్ప అర్థం చేసుకోదు. అందుకని ఒకదాని అంకెలు రెండోదానికి అందించే ఉమ్మడి ఇంటర్‌ఫేసు కోసం కమిటీ వేశారు. నేను కార్యదర్శిని, అనగా సమోసాల బాధ్యుణ్ణి.

రావుగారి అంకెలు అడ్డువరసల్లో నడుస్తాయి, సగ్రెన్‌వి నిలువువరసల్లో. కనుక ఆయన అడ్డంగా వాదించారు, ఇతను నిలువునా ఖండించాడు.

"నా అంకెలు వాడి చేతికిస్తే, రేపు వాడిదే అసలుదంటాడయ్యా!" అన్నారు రావుగారు నా కుడి చెవిలో.

"అంకుల్‌కి నావన్నీ ఇచ్చేస్తే ఇంక నేనెందుకు, బ్రదర్?" అన్నాడు సగ్రెన్ ఎడమ చెవిలో.

పైకి మాత్రం ఇద్దరూ సమైక్యత అన్నారు. బిగ్గరగా!

ఎట్టకేలకు ప్రారంభోత్సవం. షాకాస్‌క్రాల్ అనే ఊళ్ళో చిన్న చెరకు రైతు సూబయ్య తాత ముఖ్య అతిథి. "ముందురోజే ఆకు కాల్చి చెరకు కొట్టించెయ్యండి. మీరు బటన్ నొక్కగానే లారీ మీ పొలంలో!" అని ఇద్దరూ ముందే మాటిచ్చారు. కొట్టిన చెరకు వెంటనే మిల్లు చేరకపోతే పులిసిపోతుంది. తాతకున్నదల్లా ఒక్క తోట; వాళ్ళ మాట నమ్మి అంతా కొట్టించేశాడు.

తాత బటన్ నొక్కాడు. రావుగారి తెర మీద 'పుచ్చుకొనుటకు సిద్ధం' అని వచ్చింది. సగ్రెన్ తెర మీదా 'పుచ్చుకొనుటకు సిద్ధం'! చప్పట్లు!

చప్పట్లు ఆగాయి. తెరలు మాత్రం ఇంకా సిద్ధంగానే ఉన్నాయి. తేలిందేమిటయ్యా అంటే, పుచ్చుకునే భాగం ఇద్దరూ అద్భుతంగా రాశారు. ఇచ్చే భాగం ఇద్దరూ రాయలేదు!

"హౌ! నా లారీ ఏటయింది నాన్నా?" అన్నాడు తాత, అక్కడి జులూవాళ్ళలా ఆశ్చర్యపోతూ.

"ఇంటర్‌ఫేసు దిగ్విజయం! ఇరువైపులా నూటికి నూరుపాళ్ళు సంసిద్ధత!" అన్నారు రావుగారు శాలువా సర్దుకుంటూ.

"టోటల్ సక్సెస్, తాతా!" అన్నాడు సగ్రెన్. వాళ్ళిద్దరూ మనస్ఫూర్తిగా ఏకీభవించిన తొలి మాట అది.

ఫోను చేసి లారీని పిలుద్దామన్నాను నేను. "ఫోను చేస్తే ఇంటర్‌ఫేసు పనిచెయ్యనట్టు కాదూ!" అని ఇద్దరూ నా మీద పడ్డారు.

వారం తిరక్కుండానే ఆఫీసు ముందు తాత బకీ, అనగా వెనక తొట్టి ఉన్న చిన్న బండి, ఆగింది. వెనక పులిసిన చెరకు, దాని వెనక ఈగల ఊరేగింపు. మోపు భుజానేసుకుని తాత లోపలికొచ్చాడు.

"పుచ్చుకోడానికి రెడీ అన్నారు కదరా! ఇదిగో, నానిస్తన్నాను. పట్టండి!"

చూద్దును కదా, ఆనాడు గుద్దిన ఆ బల్ల కిందే రావుగారు అడ్డంగా, సగ్రెన్ నిలువుగా చక్కగా ఇమిడిపోయి ఉన్నారు. పుచ్చుకునేవాడు మాత్రం ఒక్కడూ లేడు!