తటస్థుడి ఊరేగింపు

మనిషి చంద్రుడి మీద నడిచాడని లోకమంతా గొప్పగా చెప్పుకుంటుంది. అక్కడ అతనికి ఎదురొచ్చే రెండో సంఘం లేదు కాబట్టి నడిచాడు. నా ఉద్దేశంలో మానవజాతి నడిచిన నడకల్లో అన్నిటికంటే కష్టమైనది అబూదాబిలో, ఒక చర్చి ఆవరణలో, నీళ్ళ ట్యాంకు చుట్టూ జరిగింది. అది 1983 మార్చి నెల. దానికి మినిట్సు రాసినవాణ్ణి నేను.

ఈ దేశంలో పద్ధతి చాలా తేలిక. గోడ లోపల ఎవరి ప్రార్థన వారు చేసుకోవచ్చు, గోడ బయట ఊరేగింపులు చేయకూడదు. అందుకని ఊళ్ళో ఎక్కడా గొడవల్లేవు. ఉన్నవన్నీ గోడ లోపలే పెట్టుకున్నాం.

ఆవరణలో తెలుగు క్రైస్తవులు రెండు వందల మంది కూడా ఉండరు, సహవాసాలు మాత్రం రెండు. పడమటి హాలులో కూడేది సీయోను సహవాసం, వీళ్ళు తల మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. తూర్పు హాలులో కూడేది బేతేలు సహవాసం, వీళ్ళు నీళ్ళలో నిలువునా ముంచి ఇస్తారు. (తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చే ఎడారిలో నీళ్ళ కొలత మీద ఇంత పట్టింపు ఉండటం సహజమే.) పైకి తేడా నీళ్ళదే. కానీ కొత్తగా ఎవరైనా వస్తే రెండు హాళ్ళలోనూ మొదట అడిగేది నీళ్ళ సంగతి కాదు, “మీది ఏ పేట?” అని. సొంతూళ్ళో ఒక పేట వాళ్ళు ఇటు కూర్చుంటారు, ఇంకో పేట వాళ్ళు అటు కూర్చుంటారు. బొంబాయి విమానాశ్రయంలో సామాను ఇరవై కిలోలు దాటితే దించేస్తారు గానీ, పేటను తూచే కాటా ఇంకా పెట్టలేదు.

గొడవకు కారణం మట్టల ఆదివారం. ఈస్టరుకు ముందు వచ్చే ఆ పండుగనాడు మట్టలు పట్టుకుని, హోసన్నా అని పాడుతూ, డప్పు వెంట నడవాలి. ఇక్కడ ఆదివారం డ్యూటీ కనుక మట్టల ఆదివారాన్ని మేము శుక్రవారం చేసుకుంటాం. రెండు సహవాసాలు చర్చ లేకుండా ఒప్పుకున్న విషయం ఇదొక్కటే. (నిర్ణయించింది కంపెనీలు.)

కిందటేడు రెండు ఊరేగింపులు ఒకేసారి బయల్దేరి నీళ్ళ ట్యాంకు దగ్గర ఎదురుపడ్డాయి. ఇద్దరిదీ ఒకే పాట, రాగాలు వేరు. ఎవరూ పక్కకు జరగలేదు. నలభై నిమిషాల పాటు ఎండలో ఒకరి ముఖంలోకి ఒకరు హోసన్నా పాడుకున్నారు. ముగ్గురు సొమ్మసిల్లారు. వాళ్ళలో ఏ సహవాసం వాళ్ళు ఎక్కువమంది అన్న విషయం మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

అందుచేత ఈ ఏడు ఆవరణ మేనేజరు మెక్‌ఫార్లండ్ దొరకు ఫిర్యాదు వెళ్ళింది. ఆయనది ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్. ఆ ఊళ్ళో ప్రొటెస్టెంట్లు ఏటా జూలైలో డప్పులతో కేథలిక్కుల వీధుల్లోంచే నడుస్తామంటారు, కేథలిక్కులు వద్దంటారు, తలలు పగులుతాయి. ఆ నడకలు పడలేక ఈయన ఎడారికి పారిపోయి వచ్చాడు. మా ఫిర్యాదు చదివి కాసేపు గోడకేసి చూశాడు.

“మీలో కేథలిక్కులు ఎవరు?” అని అడిగాడు.

“ఎవరూ లేరండి. రెండు పక్కలా ప్రొటెస్టెంట్లమే” అన్నాం.

ఆయన “మా ఊరు ఇంకా అంతదూరం రాలేదు” అని సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. అది ముందే అచ్చయి ఉంది.

ఆ విధంగా ‘సంయుక్త ఊరేగింపు నియంత్రణ సంఘం’ ఏర్పడింది. సీయోను తరఫున జకరయ్య. గుంటూరు వైపు మనిషి, ఒక బిల్డింగు కంపెనీలో స్టోర్‌కీపరు. బేతేలు తరఫున దయారత్నం. ఒంగోలు వైపు మనిషి, ఆసుపత్రి ల్యాబులో పని. నాకు టైపు వచ్చు, పైగా నేను ఏ సహవాసానికీ సరిగా వెళ్ళను కనుక మినిట్సు నాకు అప్పగించారు.

మొదటి సమావేశంలోనే జకరయ్య లేచి నిలబడ్డాడు.

“మా ఊరేగింపు ఎప్పుడూ తూర్పు గోడ వెంబడే పోద్దండీ. అది మా సంప్రదాయ మార్గం. మార్చేది లేదు.” (ఆవరణ కట్టి మూడేళ్ళయింది. మొదటి ఏడు ఊరేగింపు లేదు.)

“తూర్పున ఉండేది మా హాలు కదయ్యా. మా కిటికీ ముందు నించి పోయేది మమ్మల్ని రెచ్చగొట్టడానికి కాకపోతే ఇంక దేనికి?” అన్నాడు దయారత్నం. “మీ పడమటి హాలు ముందు నడుచుకోండి, ఎవురొద్దన్నారు?”

“మా హాలు ముందు మేం నడిస్తే అది ఊరేగింపు ఎట్టా అవుద్దండీ? వాకింగ్ అవుద్ది.”

తర్వాత విచారిస్తే బేతేలు వారి సంప్రదాయ మార్గం పడమటి గోడ వెంబడి అని తేలింది. మెక్‌ఫార్లండ్ దొర ఈ భాగం వినకుండానే తలాడించాడు, ఆయనకు కంఠతా వచ్చు.

రెండో సమావేశంలో మట్టల పొడవు మూడు అడుగులకు మించరాదని తీర్మానించాం. ఒకరి మట్ట ఇంకొకరి మట్ట కన్నా ఎత్తుగా కనబడితే శాంతికి భంగం. దొర టేపు పెట్టి కొలుస్తానన్నాడు. కిటికీ ముందు మాత్రం పాట, డప్పు ఆపి నడవాలని కూడా ఆయనే ప్రతిపాదించాడు. కిటికీ వెడల్పు పదకొండు అడుగులు. పదకొండు అడుగుల మౌనం మీద రెండున్నర గంటలు చర్చ జరిగింది.

“నోరు మూసుకుని పోతే అది ఇంకా అవమానం” అన్నాడు దయారత్నం. “చచ్చినోళ్ళ ఇంటి ముందు పోయినట్టు పోతారా?”

మూడో సమావేశానికి పిలవకుండా ఒక మనిషి వచ్చింది. మరియకుమారి. పక్కనే ఉన్న ఆసుపత్రిలో నర్సు, తెనాలి వైపు. డ్యూటీ దుస్తుల్లోనే తలుపు దగ్గర నిలబడింది.

“అయ్యా, ఒక్క మాట. మా వార్డులో అబ్బులని ఒకతను ఉన్నాడు. రాజోలు అవతల ఊరంట. జనవరిలో మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుం కింద నించి స్పర్శ లేదు. పండగెళ్ళిన మంగళవారం స్ట్రెచరు మీద ఇండియా పంపించేస్తన్నారు.”

“ప్రార్థన చేద్దాం” అన్నాడు జకరయ్య.

“చెయ్యండయ్యా. కానీ అతను అడిగేది వేరే. మంచం తలవైపు ఎత్తితే కిటికీలోంచి మన తూర్పు గోడ కనబడుద్ది, ఇంకేం కనబడదు. మూడు నెలల నించి ఆ గోడే చూస్తన్నాడు. ఊళ్ళో మట్టల పండక్కి అందరికంటే ముందు నడిచేవాడంట. మీరు ఒక్కసారి ఆ గోడ పక్కగా వస్తే చూస్తానంటన్నాడు. ఇంకేమీ అడగలా.”

మినిట్సులో ‘సభ్యులు చలించారు’ అని రాశాను. (తర్వాత ఉభయుల కోరిక మీద కొట్టేశాను.)

జకరయ్య ముఖం వెలిగింది. “చూశారా, తూర్పు గోడ! దేవుడే చెప్పిస్తన్నాడు.”

“అది సరే,” అన్నాడు దయారత్నం, “ఈ అబ్బులు ఎవురి మనిషి?”

“వెన్ను విరిగిన మనిషండి.”

“అది కాదమ్మా. చిలకరింపా, ముంపా?”

“చార్టులో క్రైస్తవుడు అని ఉంది. అంతకు మించి గడి లేదు.”

దొర విచారంగా, అది ఫారంలో లోపమన్నాడు. అబ్బులు సీయోను మనిషైతే బేతేలు కిటికీ పక్క నుంచి ఊరేగింపు తేవడానికి సీయోను వారు పన్నిన ఎత్తు అవుతుందనీ, బేతేలు మనిషైతే అతని పేరు చెప్పుకుని సీయోను వారు లాభపడటం అవుతుందనీ దయారత్నం వివరించాడు. కాబట్టి అతని సంఘం తేలేదాకా విజ్ఞప్తిని పరిశీలనలో పెట్టాం.

“మంగళవారం పోతాడయ్యా” అంది మరియకుమారి.

పరిశీలన బుధవారానికి పూర్తి కావచ్చని ఆమెకు తెలియజేశాం. ఆ ముక్క టైపు చేసిన చేతులు నావే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరి సమావేశం డప్పు మీద. మాలో డప్పు మోత వినకుండా పెరిగినవాడు లేడు. కానీ గల్ఫుకు వచ్చాక డప్పు కొట్టడం వచ్చని ఒప్పుకునేవాడూ లేడు. రెండు వందల మందీ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఆఖరికి ముసఫ్ఫా లేబరు క్యాంపు నుంచి లింబాద్రిని పిలిపించాం. జగిత్యాల దగ్గరి ఊరు, షట్టరింగు పని చేస్తాడు, క్యాంపులో మేకతోలుతో సొంతంగా డప్పు చేసుకున్నాడు.

“నువ్వే సంఘం?” అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

“మేం హిందువులం సార్. మల్లన్నకు పట్నాలేస్తం.”

ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే మెక్‌ఫార్లండ్ దొరకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. సీయోను నడిస్తే బేతేలుకు అభ్యంతరం. బేతేలు నడిస్తే సీయోనుకు అభ్యంతరం. లింబాద్రి నడిస్తే అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ ఆధారం లేదు. కనుక మట్టల ఊరేగింపును ఈ ఏడు లింబాద్రి ఒక్కడే చేస్తాడు. ఏ హాలుకూ దగ్గర కాకుండా, ట్యాంకు చుట్టూ గీసిన సుద్ద గీత మీద, ఆరు చుట్లు. (బైబిల్లో ఏడు చుట్లు తిరిగితే ఒక కోట గోడ కూలింది కాబట్టి ముందుజాగ్రత్తగా ఒకటి తగ్గించాం.) తీర్మానం ఏకగ్రీవం.

శుక్రవారం పొద్దున ఏడింటికి రెండు సహవాసాలూ తెల్లబట్టలు కట్టుకుని రెండు పక్కలా సుద్ద గీతల వెనక నిలబడ్డాయి. రెండు చేతులూ డప్పుకే కావాలి కనుక, దొర కొలిచి ఇచ్చిన మట్టను లింబాద్రి వీపున చొక్కా లోపలికి దోపాం.

“నేనొక్కన్నే నడువాల్నా సార్?” అన్నాడు లింబాద్రి. “గింతమంది ఉన్నరు గదా, వీళ్ళెందుకు నడువరు?”

“ఇది వాళ్ళ పండుగ” అన్నాను.

అతను డప్పు భుజాన సర్దుకుని, “అచ్ఛా” అన్నాడు.

అంతకుముందే గేటు దగ్గర మరియకుమారి అతనితో ఏదో మాట్లాడటం చూశాను. “గా కిటికీ ఏది అక్కా?” అని అతను అడగడం కూడా విన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ సంఘంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

మూడు చుట్లు నిక్షేపంగా జరిగాయి. రెండు వందల మంది అతని పాదాలే చూస్తున్నారు. నాలుగో చుట్టులో లింబాద్రి గీత దాటాడు. డప్పు కొట్టుకుంటూ నేరుగా తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రి రెండో అంతస్తుకేసి తలెత్తి, వీపు మీంచి మట్ట లాగి ఊపాడు. మూడుసార్లు. అద్దం వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. దొర ఈల వేశాడు.

మధ్యాహ్నానికల్లా విచారణ మొదలైంది. లింబాద్రి గీత దాటి ఇరవై మూడు అంగలు వేశాడన్న దానిపై ఉభయులకూ భేదం లేదు. తేలాల్సిందల్లా మట్ట ఎవరికి ఊపాడన్నది.

“నేను తప్పు జేసిన్నా సార్?” అని లింబాద్రి అడిగాడు. విచారణలో ఉందని చెప్పి పంపేశాం.

మరియకుమారిని సాక్ష్యానికి పిలిచారు.

“చూశాడయ్యా” అంది. “ఒక్కడే వచ్చాడేంటి, మిగతావాళ్ళు ఎనకాల వస్తన్నారా అని అడిగాడు. వస్తన్నారని చెప్పాను. మంచం దించనియ్యలా. మధ్యాన్నం అన్నం తెచ్చేదాకా గోడకేసే చూస్తా ఉన్నాడు.”

ఆమె రోగికి అబద్ధం చెప్పిన విషయాన్ని విడిగా నమోదు చేయాలని దయారత్నం కోరాడు. జకరయ్య బలపరిచాడు. నమోదు చేశాను.

మంగళవారం అబ్బులు వెళ్ళిపోయాడు. అతనిది ఏ సంఘమో తెలియజేయవలసిందిగా వాళ్ళ ఊరికి రిజిస్టరు ఉత్తరం రాశాం. అది తేలేదాకా ఊరేగింపులన్నీ నిలిపివేశాం. జూలైలో జవాబు వచ్చింది. అతని అన్న రాశాడు. సమావేశంలో నేనే చదివాను.

“అయ్యలకు వందనాలు. తమ్ముడు మే నెలలో కాలం చేశాడు. మాది ఏ సంఘం అని అడిగారు. అమ్మ వాళ్ళది ఒకటి, నాన్న వాళ్ళది ఒకటి. ఇక్కడ సమాధుల దొడ్లు రెండు ఉన్నాయి. దీంట్లో పెట్టాలంటే వాళ్ళు వద్దన్నారు, దాంట్లో పెట్టాలంటే వీళ్ళు వద్దన్నారు. రెండు రోజులు చూసి, ఎండలకు ఆగలేక కాలవ గట్టున పెట్టుకున్నాం. అక్కడ మట్టల పండుగ కళ్ళారా చూశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎనకాల చాలామంది వచ్చారంట కదా. ఆ నడిచిన వాళ్ళందరికీ మా ఇంటిల్లిపాది వందనాలు.”

చదవడం అయ్యాక ఉత్తరం మడిచి ఫైలులో పెట్టాను. జకరయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దయారత్నం నేలకేసి చూశాడు. తర్వాత, ఆవరణ చరిత్రలో మొదటిసారి, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు.

అబ్బులు ఏ సంఘానికీ చెందడని రుజువైనందున, అతనికి మట్ట ఊపడంలో ఉభయులకూ ఎట్టి అభ్యంతరమూ లేదని అందులో ఉంది.