నాలుగు సైగల ఇల్లు

ఆ రోజు పొద్దున్నే బాలగంగాధరం మాస్టారు వేసిన పథకం చాలా చిన్నది. పదిగంటలకి జొన్నాడ నుంచి ఆడపెళ్లివారు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. వాళ్లు వచ్చి వెళ్లేదాకా కూతురు ప్రణవిని పక్కింటి రమణమ్మ దగ్గర కూర్చోబెట్టాలి. కొడుకు సాయిరాంకి ఇంతకుముందు కుదరబోయిన సంబంధాలు "చెల్లెలికి వినపడదటగా" అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఇదీ పోతే ఇక కొడుక్కి పెళ్లి కాదని మాస్టారికి బెంగ.

చిక్కల్లా, ఆ సంగతి ప్రణవికి చెప్పడం ఎలాగన్నదే.

మాస్టారు తెలుగు పండితులు. మైకు దొరికితే మామిడికుదురంతా వినేలా గంటలకొద్దీ మాట్లాడతారు. పదహారేళ్ల కూతురితో మాట్లాడాలంటే మాత్రం ఆయన దగ్గర ఉన్నవి నాలుగే సైగలు. తిను, పడుకో, తలుపు వెయ్యి, ఇవి మూడూ. చేతులు జోడిస్తే దేవుడి దగ్గర దీపం పెట్టమని. ఆ పిల్ల చిన్నప్పుడు ఎవరో పెద్దమనిషి "సైగలు అలవాటు చేస్తే మాట రాదండీ" అన్నాడు. మాట కోసం ఈయన ఎదురుచూశారు. అది రాలేదు. పిల్ల బధిరుల బడికి వెళ్లి చేతుల్తోనే గలగలా మాట్లాడడం నేర్చుకుంది. సెలవులకి ఇంటికొస్తే ఆ మాటలు అర్థమయ్యేది అన్నయ్య సాయిరాం ఒక్కడికే. వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక, ఇంట్లో ఆమెతో మాట్లాడే దిక్కే లేకుండా పోయింది.

"రమణమ్మ వదినకి ఒంట్లో బాగాలేదని చెప్పండి. వెళ్లి తోడు కూర్చుంటుంది" అంది భార్య పార్వతి.

మాస్టారు పక్కింటివైపు వేలు చూపించారు. తరవాత మంచం మీద పడుకుని మూలిగారు. మూలుగు వినపడదు కదా అని గుర్తొచ్చి, కళ్లు తేలేసి, మెడ పక్కకి వాల్చేశారు. కుర్రతనంలో నాటకాలు వేసిన మనిషి, కాస్త ఎక్కువే వేశారు. ప్రణవి గుండెలు బాదుకుంటూ పక్కింటికి పరుగెత్తింది.

"చూశావా, ఇట్టే అర్థమైపోయింది!" అన్నారు మాస్టారు, లేచి పట్టుపంచె సర్దుకుంటూ.

పోయిందనుకున్న రమణమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. బతికున్న మనిషిని చూసి ప్రణవి ఆమెను వాటేసుకుని బావురుమంది. ఆ ఏడుపు చూసి రమణమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏమైందే తల్లీ? అన్నయ్యగారికేమైనా అయ్యిందా?" అంటూ, నాన్న అని తెలిసేలా కళ్లజోడు పెట్టుకున్నట్టు చూపించింది.

నాన్న ఏం చేశాడో ప్రణవి ఉన్నదున్నట్టు చేసి చూపించింది. కళ్లు తేలేసి, మెడ పక్కకి వాల్చింది.

చేటలో బియ్యం నేలపాలయ్యాయి. రమణమ్మ పెట్టిన గగ్గోలుకి వీధి వీధంతా మాస్టారి వాకిటి ముందుకి వచ్చేసింది. పెరటివైపు వంటింట్లో ఫలహారాల హడావుడిలో ఉన్న మాస్టారికీ పార్వతికీ ఆ గోల వినపడలేదు. లోపలికి తొంగిచూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఎదురింటి బాబూరావు ఇలాంటి కబుర్లు పంపడంలో ముందుంటాడు. ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి, హైదరాబాదు ఫోన్ చేసి, సాయిరాంని బయల్దేరమని చెప్పి మరీ వచ్చాడు.

సరిగ్గా అప్పుడే పెళ్లివారి అంబాసిడర్ వచ్చి ఆగింది. హారను విని మాస్టారు పట్టుపంచెతో, నిండు నవ్వుతో బయటికొచ్చి "రండి, రండి" అన్నారు. గుంపు ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"అదేంటండీ, మీరు పోలేదాండీ?" అన్నాడు బాబూరావు, నిష్ఠూరంగా. "ఇప్పుడే కదండీ ఫోన్ చేసొచ్చేను!"

అందరూ కలిసి ప్రణవివైపు చూపించారు. దాచాలనుకున్న పిల్ల వీధి మధ్యలో నిలబడి ఉంది. కారు దిగిన పెళ్లికూతురి తల్లి సరోజిని తిన్నగా ఆమె దగ్గరికెళ్లి, చేతుల్తో ఏదో అడిగింది. ప్రణవి ముఖం వెలిగిపోయింది. ఇక ఇద్దరి చేతులూ ఆగలేదు. తన కూతురు ఇంత మాట్లాడుతుందని మాస్టారికి అప్పటిదాకా తెలియదు.

"ఏమంటోందండీ?" పార్వతి భయంభయంగా అడిగింది.

సరోజిని ప్రణవి భుజం మీద చెయ్యి వేసింది. "మమ్మల్ని చూశాక ఇప్పుడు అర్థమయ్యిందటండీ. 'వెళ్లిపొమ్మంటే వెళ్లిపోయేదాన్ని కదా, అందుకోసం పక్కింటి అత్తయ్యని చంపడమెందుకు' అంటోంది."

పెళ్లికూతురి తండ్రి శ్రీనివాసరావు గొంతు సవరించుకున్నాడు.

"మా పెద్దబ్బాయికీ వినపడదండీ. మీ ఇంట్లో ఈ అమ్మాయి ఉందని తెలిసే వచ్చేం. రేపు మావాడు చెల్లెల్ని చూడ్డానికొస్తే, ఈ ఇంట్లో వాడితో మాట్లాడేవాళ్లు ఉంటారనుకున్నామండీ."

"ఉన్నామండీ!" అన్నారు మాస్టారు ఆశగా.

"ఆయ్. చూసేమండీ."

వాళ్లు కాఫీ ముట్టకుండానే కారెక్కారు. జనం కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంకెవరూ లేని వాకిట్లో మాస్టారు కూతురి ఎదురుగా నిలబడ్డారు. తప్పయిపోయిందని చెప్పాలి. అన్ని పద్యాలు నోటికొచ్చిన మనిషికి ఆ ఒక్క ముక్క చేత్తో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె ఓపిగ్గా ఆయన చేతులవైపే చూస్తోంది. మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి. చివరికి రెండు చేతులూ జోడించారు.

ప్రణవి తలూపి, లోపలికి వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టింది.