తడిగుడ్డతో తుడిచిన ఆకులు

ఆ ఉదయం అల్లుడిగారి పథకం చాలా చిన్నది. స్నానం, దేవుడికి దణ్ణం, నాలుగు మెతుకులు, పదింటికల్లా హెర్బేరియం.

ఎండబెట్టిన మొక్కల్నీ పుట్టగొడుగుల్నీ తరతరాలు దాచే ఆ చోట అతని పని లేబుళ్లు రాయడం. పదకొండేళ్లుగా "సేకరించినవారు" అన్న మాట పక్కన ఇతరుల పేర్లే రాశాడు. ఈరోజు మొదటిసారి తన పేరు రాసుకోవాలి. నెల్లాళ్లు పొదలన్నీ గాలించి, నారింజరంగు పొడిలా తుప్పు తెగులు పట్టిన ఆకులు పన్నెండు, పుట్టగొడుగులు ఆరు పోగుచేశాడు. కొత్త నమూనాలు తీసుకోవడానికి ఈరోజే ఆఖరు. మళ్లీ మూడేళ్లకు గాని తీసుకోరు.

దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి బల్ల దగ్గర మామగారు తడిగుడ్డతో నిలబడి ఉన్నారు.

"అల్లుడూ, నువ్వు కంగారుపడకు. అన్నీ సర్దేశాను."

"ఏం సర్దారు మామయ్యగారూ?"

"ఆకుల నిండా నారింజరంగు దుమ్మయ్యా! శుభ్రంగా తుడిచేశాను. మరీ చిల్లులు పడ్డ మూడు పారేసి, గోడ మీంచి వేలాడుతున్న పక్కింటి కొమ్మవి పచ్చగా కోసి పెట్టాను. ఆఫీసులో నీ పరువు పోకూడదు కదా."

"పుట్టగొడుగులు?"

"పాపం, వడియాల్లా ఎండిపోయాయి. నీళ్లలో వేశాను. చూడు, ఎంత బొద్దుగా అయ్యాయో!"

పిల్లనిచ్చిన మామగారు. అరిస్తే బాగుండదు. తెగులు పట్టిన ఆకులు మళ్లీ నాలుగు దొరక్కపోతాయా అని భూతద్దం పట్టుకుని వీధిన పడ్డాడు.

పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

"మాస్టారూ, మీ తోటలో తెగులేమన్నా ఉందాండీ? ఉంటే కాస్త ఇప్పిస్తారా?"

"తెగులా? నా తోటలోనా? ముప్ఫై ఏళ్లుగా మచ్చ ఎరగని తోటయ్యా ఇది!"

గేటు ధడాలున మూసుకుంది. పావుగంటలో, ఎవరో తెగులు అంటించడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాడని వీధంతా పాకింది. ఒకావిడ తులసికి దుప్పటి కప్పింది. ఇంకొకాయన మొక్కలతోపాటు అల్లుడి మీద కూడా మందు కొట్టాడు.

తడిసి ఇంటికొస్తే భార్య ఉపాయం చెప్పింది. "ఏవండీ, ఆకుల మీద కాస్త కారం అద్దితే?"

"భూతద్దం కింద చూస్తారే!"

"అయితే మెత్తగా జల్లించి అద్దుదాం."

చేసేది లేక, ఉన్న ఆకులే పట్టుకుని తప్పు ఒప్పుకుందామని బయలుదేరాడు. తన పనితనం చూసుకోవడానికి మామగారూ వెంటపడ్డారు.

హెర్బేరియంలో నమూనాలు ఎంచే క్యూరేటరమ్మ ఒక్కో ఆకూ పక్కన పడేసింది. పచ్చటి ఆకు దగ్గర ఆగింది. తిప్పి, కళ్లజోడు సవరించుకుంది. అడుగున ఆవగింజంత గోధుమరంగు చుక్కలు.

"ఈ తుప్పు మన బీరువాల్లో ఎక్కడా లేదు! ఎవరు కోశారిది?"

నేనే అంటే సరిపోయేది. మనిషిని పరీక్షించడానికి భగవంతుడికి ఆకు అడుగుభాగమే ఎందుకు దొరికిందో!

"మా మామగారండీ," అన్నాడు చివరికి.

"అయ్యో, అడుగున తుడవనేలేదు తల్లీ!" అంటూ మామగారు జేబులోంచి తడిగుడ్డ తీశారు. క్యూరేటరమ్మ ఆకుని గుండెలకు హత్తుకుని వెనక్కి గెంతింది.

సాయంత్రానికి లేబుల్ సిద్ధమైంది. సేకరించినవారు అన్నచోట మామగారి పేరు. దొరికిన చోటు, పోస్టుమాస్టరుగారి తోట.

దస్తూరీ మాత్రం అల్లుడిదే.