ఖాళీ అట్టపెట్టెలు

ఆ ఆదివారం పొద్దున గీతలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మందుల షాపు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తేవాలి. కింది అంతస్తులో ఉండే, వాటాలన్నీ అద్దెకిచ్చిన ఇంటావిడ కిటికీ ముందు నుంచి, ఆవిడ కళ్ళబడేలా, వాటిని మూడో అంతస్తుకి మోసుకెళ్ళాలి. అంతే.

గీతలాయన అన్నది అపార్టుమెంటువాళ్ళు పెట్టిన పేరు. భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో అతను డ్రాఫ్ట్స్‌మన్. అతని వాటాలో స్నానాలగది పైకప్పు దగ్గరి పైపు ఏడాదిగా కారుతోంది. గొడుగు వేసుకుని పళ్ళు తోముకోవడం కూడా అలవాటైపోయింది. నెలాఖరుకి భవనంలో అందరి అద్దె అగ్రిమెంట్లూ ముగుస్తాయి. మళ్ళీ సంతకం పెట్టేలోగా పైపు బాగుచేయించుకోవాలని అతని పట్టుదల.

"కిందికెళ్ళి ఒక్క మాట చెబితే పోయేదానికి ఈ పెట్టెల గోలేంటండీ?" అంది భార్య, కుట్టుమిషను తొక్కడం ఆపి.

"నీకు తెలీదు. అడిగామా, అలుసైపోతాం. పైగా అద్దె పెంచుతుంది. మనం వెళ్ళిపోతున్నామనుకుంటే ఆవిడే పరిగెత్తుకుంటూ పైకొస్తుంది."

"రాకపోతే?"

"రాకేం చేస్తుంది? మనలాంటివాళ్ళు దొరకద్దూ?"

ఆమె మళ్ళీ మిషను తొక్కింది. ఆ భవనంలోని ఆడవాళ్ళందరి కొలతలూ ఆమెకి కంఠతా వచ్చు. ఎవరి భుజం కాస్త వాలుగా ఉంటుందో, ఎవరికి మెడ దగ్గర బిగుతుగా ఉంటే గిట్టదో టేపు పెట్టకుండా చెప్పగలదు. ఆ బేరాలన్నీ మెట్ల మీదుగా నడిచి వచ్చినవే. వీధి మారితే వెంట రావు.

మొదటి పెట్టె మోసుకెళ్తుంటే ఇంటావిడ కిటికీలోంచి చూసింది. రెండోదానికి కర్టెను లాగేసుకుంది. "కంగారు పుట్టింది!" అని గీతలాయన మురిసిపోయాడు.

మూడో పెట్టెకి మెట్ల మీద డ్రిల్లు మాస్టారు ఎదురయ్యారు. రెండో అంతస్తులో ఉంటారు. రిటైరయ్యి చాలాకాలమైనా ఈల మాత్రం ఇంకా మెడలోనే ఉంది.

"ఉండవయ్యా, నేనూ ఓ చెయ్యేస్తా!" అంటూ ఊపిరి బిగబట్టి, బలమంతా పెట్టి ఎత్తారు. ఖాళీ పెట్టె గాల్లోకి లేచి ఆయన నెత్తిమీదే బోర్లా పడింది.

"ఇందులో ఏమీ లేదేంటయ్యా?" అంది పెట్టెలోంచి గొంతు.

"ఇంకా సర్దాలండీ."

"సర్దడమా! ఖాళీ చేస్తున్నారా? ఏం, ఏమైంది?"

గీతలాయన ఓ నవ్వు నవ్వి, వృత్తి అలవాటు కొద్దీ తల పైకెత్తి మెట్ల పైనున్న దూలాన్ని చూశాడు. మాస్టారూ చూశారు. ఆయన మొహంలో రంగు మారింది.

మాస్టారు చూసిపోతారేమోనని సాయంత్రానికల్లా నిజంగానే సామాను సర్దాల్సి వచ్చింది. మర్నాడు ఉప్పు కోసం ఇల్లంతా వెతికారు. అది పుస్తకాల పెట్టెలో, నిఘంటువు కింద దొరికింది.

ఈలోపు మాట మెట్లు దిగి, మెట్లెక్కి, అన్ని తలుపులూ తట్టింది. "ప్లాన్లు గీసేవాడే పారిపోతున్నాడంటే ఈ బిల్డింగుకి ఏదో మూడింది!" గోడల మీది క్యాలెండర్లు తీసి వెనక పగుళ్ళున్నాయేమోనని చూసుకున్నారు. మాస్టారు మెట్ల దగ్గర నిలబడి, ఈల వేసి, ఒక్కొక్కరినే మెల్లగా దిగమన్నారు. మందుల షాపులో అట్టపెట్టెలు అయిపోయాయి. బిల్డింగు సంగతి తేల్చేదాకా ఎవరూ సంతకం పెట్టేది లేదని అద్దెవాళ్ళంతా ఇంటావిడ మొహానే చెప్పారు.

కుట్టడానికిచ్చిన బట్టలు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకుపోయారు.

"ఏమీ అనుకోకు అక్కా. ఎలాగూ మీరు వెళ్ళిపోతున్నారుగా."

ఆఖరి మూట కూడా వెళ్ళిపోయాక భార్య కత్తెరని మడిచిన గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. "ఇప్పటికైనా వెళ్ళి చెప్పండి," అంది. కేకలేయలేదు. కేకలేసినా బాగుండేదనిపించింది గీతలాయనకి.

వెళ్ళాడు. ఇంటావిడ తలుపు తీసి, అతన్ని మాట్లాడనివ్వకుండానే అడిగింది. "ఇన్నేళ్ళున్నారు, పోతున్నామని నాకొక్క ముక్క చెప్పలేకపోయావా నాయనా? మంచి ఇల్లే దొరికిందా?"

ఆవిడ కళ్ళల్లో తడి ఉంది. దొరకలేదు, అదంతా నాటకం అనడానికి అతనికి మొహం చెల్లలేదు.

"దొరికిందండీ," అన్నాడు.

"సరేలే. పోయేవాళ్ళని బతిమాలడం మా ఇంటావంటా లేదు. చల్లగా ఉండండి."

రెండు రోజుల తర్వాత, భవనం గట్టిదో కాదో తేల్చడానికి ఇంటావిడ ఓ ఇంజనీరుని పిలిపించింది. కారు దిగిన మనిషిని చూసి గీతలాయన అందరి ముందూ నమస్కారం పెట్టక తప్పలేదు. తన ఆఫీసు పెద్దాయనే! ఆయన ముందు, అద్దెవాళ్ళంతా వెనక, ఊరేగింపులా భవనం చుట్టూ తిరిగారు. ప్రతి స్తంభాన్నీ కొట్టి చూశాక ఇంజనీరుగారు చేతులు దులుపుకున్నారు.

"ఇనపగుండులా ఉంది. మీ మనవలు కూడా హాయిగా ఉండొచ్చు."

"మరి మీ దగ్గర పనిచేసేవాడే ఎందుకు పోతున్నాడు?" అన్నారు మాస్టారు.

అందరూ గీతలాయన వైపు తిరిగారు.

"అదీ... స్నానాలగదిలో పైపు కారుతోందండీ."

మాస్టారు ఈల తీసి జేబులో పెట్టుకున్నారు.

"పైపా!" అంది ఇంటావిడ. "ఆ మాట నాతో అంటే తెల్లారేసరికి ప్లంబరుని పంపకపోదునా? అద్దె కూడా పాతదే ఉంచుదామనుకున్నాను. మీ ఆవిడ కుట్టిన బట్ట తప్ప ఇంకోటి నా ఒంటికి నప్పదు కదయ్యా."

గీతలాయనకి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఉండిపోతామండీ! ఇవాళే సంతకం పెట్టేస్తాను."

"ఎలా నాయనా? ఇల్లు దొరికిందన్నావుగా. మీ వాటాకి నిన్ననే అడ్వాన్సు పుచ్చుకున్నాను."

"ఎవరి దగ్గర?"

ఇంజనీరుగారు గొంతు సవరించుకున్నారు. "నా దగ్గరేనయ్యా. ఫోన్లో మాటల్లో ఈవిడ ఓ వాటా ఖాళీ అవుతోందన్నారు. అది నీదని తెలీదు. ఇవతల మా పాత ఇంటివాళ్ళు ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారు కూడా."

ఆ సాయంత్రం మిగతావాళ్ళంతా వరసకట్టి సంతకాలు పెట్టారు.

సామాను లారీ ఎక్కిస్తున్నప్పుడు ఇంటావిడ అతని భార్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గీతలాయన అప్పటికే కట్టేసిన తాడుని మళ్ళీ విప్పి కడుతూ ఉండిపోయాడు. ఊరికి ఆ చివర హడావిడిగా వెతికి పట్టుకున్న కొత్త ఇంట్లో ఏ పైపూ కారడం లేదు. మెట్లెక్కి వచ్చి తలుపు తట్టేవాళ్ళూ లేరు. కుట్టుమిషను మీద కప్పిన దుప్పటి అలాగే ఉంది.

"తీయనా?" అని అడిగాడు.

"ఎందుకులెండి," అంది.

మర్నాడు ఆఫీసులో ఇంజనీరుగారు అతని బల్ల మీద తెల్లకాగితం పరిచారు. "ఆ స్నానాలగది పైపు మార్పించాలయ్యా. ఎక్కడ కారుతుందో నీకంటే ఎవరికి బాగా తెలుసు? కాస్త గీసిపెట్టు."

గీతలాయన తలవంచుకుని గీశాడు. కారే చోట ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'అత్యవసరం' అని రాశాడు.